మా మామ కాటా, నేను రాయకుండా ఉండాల్సిన డ్రైవర్

దసరా సెలవులకు పత్తికొండ వెళ్ళినప్పుడు, అర్ధరాత్రి దాకా ల్యాప్‌టాప్ ముందు ఏం చేస్తున్నావురా అని మా అవ్వ అడిగింది. "డ్రైవర్ రాస్తున్నా అవ్వా" అన్నా. "డ్రైవర్‌ను రాసేదేందిరా! ఉండేవాణ్ణి పిలుచుకుంటే సరిపోదా?" అంది. నవ్వుకున్నా. మా అవ్వకు డ్రైవర్ అంటే ట్రాక్టర్ డ్రైవరే కదా. సంక్రాంతికి తెలిసింది, ఆ రాత్రి నాకు చెప్పాల్సిన మాట ఆవిడే చెప్పేసిందని.

సీఎస్ఈ కానివాళ్ళ కోసం ఒక్క ముక్క. కంప్యూటర్‌కు ఏదైనా పరికరం తగిలించినప్పుడు దాని భాష తెలిసిన చిన్న ప్రోగ్రాం ఒకటి కావాలి, దాన్నే డ్రైవర్ అంటారు. లైనక్స్‌లో డ్రైవర్ రాయడానికి ఒకే దారి లేదు, చాలా దారులున్నాయి. ఏ దారిలో వెళ్ళాలో ముందే ఆలోచించకపోతే ఏమవుతుందో నా అనుభవంతో చెప్తాను. నేను రెండుసార్లు తప్పు దారిలో పోయా. మొదటిసారి పోయినందుకు నష్టపడింది నేను కాదు, మా మామ.

మా ఊరి పేరు చెప్తే బయటివాళ్ళకు రెండు గుర్తొస్తాయి. చరిత్ర చదివినవాళ్ళకు 1827లో థామస్ మన్రో కలరాతో చనిపోయిన ఊరు. మిగతా అందరికీ టమాటా. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు టీవీలన్నీ టమాటా గురించే మాట్లాడాయి. కోత కూలీ కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోసిన రోజులూ మా ఊరికి తెలుసు. మా మామ రెండెకరాల్లో టమాటా వేస్తాడు. ఆయనకు కావాల్సింది చిన్న విషయం: చేలో గంప నింపినప్పుడే దాని తూకం తెలియాలి, ఎన్ని గంపలు, ఒక్కోటి ఎంత అనేది ఫోన్‌లో రాసిపెట్టుకోవాలి. మామూలు ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కొనుక్కోవచ్చు. కానీ నాకు మినీ ప్రాజెక్ట్ కావాలి. నేనే చేసిస్తా మామా అన్నా. నిజం చెప్పాలంటే ఇందులో ఆయన అవసరం కన్నా నా అవసరమే ఎక్కువ.

ఎండాకాలం సెలవుల్లో చేశా. నాలుగు లోడ్ సెల్స్, ఒక హెచ్‌ఎక్స్711 బోర్డు, సీనియర్ ఇచ్చిన పాత రాస్ప్‌బెర్రీ పై 3. లోడ్ సెల్ అంటే బరువు పడితే కంటికి కనపడనంతగా వంగే లోహపు ముక్క. వంగినప్పుడు దాని మీద అతికించిన సన్నటి తీగ నిరోధం మారుతుంది. దాంతో వచ్చే వోల్టేజ్ మార్పు మిల్లీవోల్టుల్లో ఉంటుంది. హెచ్‌ఎక్స్711 ఆ కాస్త వోల్టేజ్‌ని పెంచి 24 బిట్ల అంకెగా మార్చి ఇస్తుంది. ఇవ్వడానికి దానికి రెండే తీగలు, క్లాక్ ఒకటి, డేటా ఒకటి. క్లాక్‌ను మనమే పైకీ కిందికీ ఊపాలి, ఊపిన ప్రతిసారీ ఒక బిట్ బయటికొస్తుంది. 24 ఊపులయ్యాక ఇంకో ఒకటి నుంచి మూడు ఊపులు వేస్తే తర్వాతి రీడింగ్ ఏ ఛానల్‌లో, ఎంత గెయిన్‌తో కావాలో దానికి తెలుస్తుంది. పైథాన్ లైబ్రరీ నెట్‌లో దొరికింది. ఒక సాయంత్రంలో అంకెలు కనపడ్డాయి. హాస్టల్‌లో రూమ్మేట్ల బరువులన్నీ తూచాం, అందరూ మెచ్చుకున్నారు.

ఊళ్ళో పెట్టాక అంకెలు ఎగరడం మొదలైంది. మామ ఫోన్‌తో చూసుకోవాలని పై మీదే వైఫై హాట్‌స్పాట్, చిన్న వెబ్ పేజీ పెట్టా. ఎవరైనా ఫోన్ కలిపితే చాలు, పాతిక కిలోల గంప పక్కన ఉన్నట్టుండి మైనస్ ఒకటి వస్తుంది, లేదంటే 8388607 వస్తుంది. నాయిస్ అనుకున్నా. ఎలక్ట్రానిక్స్‌లో మనకు అర్థం కాని ప్రతిదాన్నీ నాయిస్ అంటాం కదా. ముందటి రీడింగ్ కన్నా ఐదు కిలోలకు పైగా తేడా ఉంటే పారెయ్, మిగతావాటికి సగటు తియ్ అని నాలుగు లైన్లు కలిపా. అంకెలు బుద్ధిగా నిలబడ్డాయి. అంతే, సరైపోయిందనుకున్నా.

ఆగస్టులో మామ నలభై గంపలు మండీకి తీసుకెళ్ళాడు. మా లెక్కకూ అక్కడి చీటీకీ పదకొండు కిలోల తేడా వచ్చింది. మాదే ఎక్కువ. మామ ఊరుకోలేదు. ఫోన్ తీసి, "మా అల్లుడు ఇంజినీరింగ్ చదువుతాండాడు, వాడు చేసిన కాటాలో ఇంత వచ్చింది" అని అందరి ముందూ గట్టిగా అడిగాడు. మండీ ఆయన కోప్పడలేదు, అదే ఇంకా బాధ. ముద్ర ఉన్న ఇరవై కిలోల గుండు తెచ్చి కాటా మీద పెట్టాడు. సరిగ్గా ఇరవై చూపించింది. తర్వాత గుండు ఇచ్చి, "తీస్కపోయి మీ కాటా మీద కూడా చూడన్నా" అన్నాడట. సాయంత్రం మా కాటా మీద పెట్టి చూస్తే 20.0, 20.0, 20.4, 20.1, 21.2. మామ నన్ను ఒక్క మాట అనలేదు. గుండు పక్కన పెట్టి, "పోనీలేరా. నాకు చూపిచ్చే ముందర నువ్వొకసారి చూసుకోవాల్సింది" అన్నాడు.

అప్పుడు గానీ హెచ్‌ఎక్స్711 డేటాషీట్ తెరవలేదు. అందులో ఒక్క వాక్యం ఉంది. క్లాక్ తీగ 60 మైక్రోసెకన్ల కన్నా ఎక్కువసేపు పైన ఉండిపోతే చిప్ నిద్రలోకి జారుకుంటుంది. మళ్ళీ కిందికి దించితే రీసెట్ అయి మొదటినుంచి మొదలుపెడుతుంది. నా పైథాన్ ప్రోగ్రాం క్లాక్‌ను పైకెత్తిన క్షణంలోనే వైఫైకి పని తగిలిందనుకోండి, లైనక్స్ నా ప్రోగ్రాంని పక్కన పెట్టి ఆ పని చూసుకుంటుంది. మా మామ గంప కన్నా వైఫై ముఖ్యమని దానికెవరూ చెప్పలేదు, ముఖ్యం కాదనీ చెప్పలేదు. తిరిగొచ్చేసరికి 60 మైక్రోసెకన్లు దాటిపోతాయి. చిప్ రీసెట్‌లో ఉన్నంతసేపు డేటా తీగ పైనే ఉంటుంది. అంటే మిగిలిన బిట్లన్నీ నాకు ఒకట్లుగా కనపడతాయి.

ఇక్కడ కాస్త ఆగి చూడండి, అసలు మోసం ఇక్కడే ఉంది. మొదటి బిట్‌కే తెగిపోతే అన్నీ ఒకట్లు, అంటే మైనస్ ఒకటి. రెండో బిట్ నుంచి తెగితే 8388607. ఈ రెండూ కంటికి తప్పని తెలిసిపోతాయి, నా నాలుగు లైన్లు వాటిని పారేశాయి కూడా. కానీ సగం దాటాక తెగితే? చివరి 12 బిట్లు ఒకట్లైపోతే ఎక్కువలో ఎక్కువ 4095 కౌంట్లు పెరుగుతాయి. మా సెటప్‌లో గ్రాముకు సుమారు పది కౌంట్లు, అంటే నాలుగు వందల గ్రాముల దాకా. అది చూడ్డానికి తప్పులా ఉండదు, టమాటాలా ఉంటుంది. పైగా సున్నాలు ఒకట్లవుతాయి గానీ ఒకట్లు సున్నాలు కావు కాబట్టి తప్పు ఎప్పుడూ ఎక్కువ వైపే. సగటు తీస్తే పోయే రకం కాదు. నా ఫిల్టర్ పట్టుబడే తప్పుల్ని తీసేసి, పట్టుబడని తప్పుల్ని జాగ్రత్తగా దాచిపెట్టింది. వాటిని పట్టుకుని మా మామ నలుగురి ముందు నిలబడ్డాడు.

దసరాకు రెండో దారి పట్టా. టైమింగ్ సమస్య కాబట్టి కర్నెల్ లోపలికి వెళ్ళాలి, అంతవరకూ సరైన ఆలోచనే. కర్నెల్ లోపల డ్రైవర్ అంటే నాకు తెలిసింది ల్యాబ్‌లో చేయించినది ఒక్కటే, క్యారెక్టర్ డివైస్. ఓపెన్, రీడ్, రైట్, ఐఓసీటీఎల్ రాసి డెవ్ డైరెక్టరీలో ఒక ఫైల్ పుట్టించడం. నాదానికి కాటా అని పేరు పెట్టా. క్లాక్ ఊపే చోట ఇంటరప్టులు ఆపా. ఇరవై కిలోల గుండుకు ఇరవై, వందసార్లు అడిగినా ఇరవై. ఆ రోజు నాకంత సంతోషం ఎప్పుడూ లేదు. అవ్వతో మాట్లాడింది ఆ రాత్రే.

నవంబర్‌లో మామ ఫోన్. కాటా పనిచెయ్యట్లేదు. ఏం చేశావ్ మామా అంటే, ఏమీ చెయ్యలేదురా అన్నాడు. చేసింది నేనే, దూరం నుంచి కనెక్టయి సిస్టం మొత్తం అప్‌డేట్ కొట్టా. కర్నెల్ 6.1 నుంచి 6.6కు మారింది. నా మాడ్యూల్ పాతదానికి కట్టింది కాబట్టి లోడ్ కాదు. మళ్ళీ కంపైల్ చేద్దామంటే ఎర్రర్, డివైస్ క్లాస్ తయారుచేసే ఫంక్షన్‌కు 6.4లో ఒక ఆర్గ్యుమెంట్ తీసేశారు. అది దిద్దితే ఈసారి పిన్ దొరకదు. నేను జీపీఐఓ నంబర్ నేరుగా కోడ్‌లో రాసేశా, ఈ బోర్డులో 6.6 నుంచి ఆ నంబర్లు సున్నా బదులు 512 నుంచి మొదలవుతున్నాయి. లైనక్స్ వాళ్ళను తిట్టుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, వాళ్ళు మాట తప్పలేదు. యూజర్ ప్రోగ్రాములకు కనపడే వైపు విరగ్గొట్టమని మాటిచ్చారు, లోపలివైపు గురించి ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వబోమని గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ ఒక డాక్యుమెంటే రాసి కర్నెల్‌లో పెట్టాడు. లోపల ఏదైనా మారిస్తే, కర్నెల్ సోర్సులో ఉన్న డ్రైవర్లన్నిటినీ మార్చేవాళ్ళే దిద్దుతారు. బయట పెన్‌డ్రైవ్‌లో ఉన్న నా కాటా గురించి వాళ్ళకేం తెలుసు?

సంక్రాంతి సెలవుల్లో ఆ ఎర్రర్ల కోసమే కర్నెల్ సోర్సులో వెతుకుతున్నా. చిప్ పేరు కొట్టి చూశా, ఊరికే. డ్రైవర్స్‌లో ఐఐఓలో ఏడీసీ అనే ఫోల్డర్ కింద హెచ్‌ఎక్స్711 పేరుతో ఫైల్ ఉంది. 2017 నుంచీ ఉంది. తెరిచి చూస్తే క్లాక్ ఊపే ఫంక్షన్‌లోనే కామెంట్ ఉంది, పైన 60 మైక్రోసెకన్లు దాటితే చిప్ రీసెట్ అవుతుంది, కొలత తప్పవుతుంది అని. మా మామ ఆగస్టులో మండీలో తల దించుకున్న కారణాన్ని, నేను ఇంటర్‌లో కూడా లేనప్పుడే ఎవరో రాసిపెట్టారు. నేను చూడలేదు, అంతే.

అప్పుడు నేను రాయాల్సి వచ్చింది ఇరవై లైన్ల డివైస్ ట్రీ ముక్క. బోర్డు మీద ఏ చిప్ ఉంది, ఏ పిన్‌కు తగిలించాం అనే వివరాన్ని సీ కోడ్‌లో కాకుండా విడిగా రాసే పద్ధతి అది. ఏఆర్ఎం బోర్డుల కోడ్ ఒక్కో కంపెనీ ఒక్కోలా రాసి గందరగోళం చేస్తున్నారని 2011లో లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా తిట్టాక అందరూ దీనివైపు మళ్ళారు. నా ముక్కలో ఉన్నది చిప్ పేరు, క్లాక్ పిన్, డేటా పిన్, 3.3 వోల్టుల సప్లై. సప్లై రాయకపోతే డ్రైవర్ మొదలే కాలేదు, ఒక గంట దానికే పోయింది. ఒక్కో కౌంట్ ఎన్ని వోల్టులో లెక్కకట్టడానికి దానికి ఆ వివరం కావాలట. మాడ్యూల్ ఆన్ చేసి కంపైల్ చేసుకున్నాక ఇన్ వోల్టేజ్0 రా అని ఒక ఫైల్ కనపడింది. దాన్ని చదివితే అంకె వస్తుంది. పైథాన్‌తో చదువుకోండి, షెల్‌తో చదువుకోండి, మీ ఇష్టం. ఐఓసీటీఎల్ నంబర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం. మనం డ్రైవర్ రాసే ముందు "ఎలా రాయాలి" అని మొదలుపెడతాం. "ఇది ఏ జాతి వస్తువు" అని ముందు అడగాలి. ఎందుకంటే కర్నెల్‌లో ఊర్లలో వీధుల్లాగా విభాగాలున్నాయి. కొలిచేదైతే ఐఐఓ. ఆదోని యార్డులో పత్తిలో తేమ చూస్తారు కదా, సీసీఐ వాళ్ళు 8 శాతం దాకా పూర్తి ధర ఇచ్చి 12 దాటితే తీసుకోరు, అలాంటి తేమ మీటర్ మీరు చేసినా అది ఐఐఓ వీధిలోనే ఉండాలి. బటన్ అయితే ఇన్‌పుట్. లైటు అయితే ఎల్ఈడీ విభాగం. జీపీఐఓ పిన్‌కు తగిలించిన బటన్‌కూ, ఎల్ఈడీకీ, బిట్ ఊపి చదివే డీహెచ్‌టీ11 సెన్సర్‌కూ కర్నెల్‌లో డ్రైవర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. మన బ్యాచ్‌లో డీహెచ్‌టీ11 పెట్టి అప్పుడప్పుడూ ఎర్రర్ వస్తే రీట్రై లూప్ వేసుకున్నవాళ్ళు కనీసం నలుగురున్నారు, పేర్లు చెప్పను. మీ లూప్ కూడా నా ఫిల్టర్‌కు చుట్టమే.

దీనికి మా సీనియర్ అన్న ఒప్పుకోలేదు. "మినీ ప్రాజెక్ట్‌కు కర్నెల్ ఎందుకురా, పైథాన్ చాలు" అంటాడు. సగం ఒప్పుకుంటా. ఐ2సీ మీద నడిచే ఏడీఎస్1115 లాంటి చిప్ అయితే పైథాన్‌తో హాయిగా చదవచ్చు. అక్కడ క్లాక్ ఊపేది మన ప్రోగ్రాం కాదు, బోర్డులోని ఐ2సీ హార్డ్‌వేర్. మన ప్రోగ్రాం మధ్యలో కునుకు తీసినా చిప్ ఓపిగ్గా ఉంటుంది. ఈసీఈ వాళ్ళు ఎఫ్‌పీజీఏలో సొంతంగా కట్టుకున్న బ్లాకులకైతే ఏ వీధీ ఉండదు కాబట్టి, 2007 నుంచి ఉన్న యూఐఓ పద్ధతి బాగుంటుంది. ఇంటరప్ట్ పట్టుకునే చిన్న ముక్క కర్నెల్‌లో, మిగతాదంతా బయట. హెచ్‌ఎక్స్711ను ఒక చిన్న మైక్రోకంట్రోలర్‌కు తగిలించి, అంకెల్ని యూఎస్‌బీ సీరియల్‌లో పంపడం కూడా మంచి దారే. అప్పుడు లైనక్స్‌కు అది మామూలు సీరియల్ పోర్ట్, రాయడానికేమీ లేదు. కాబట్టి నేనంటున్నది అన్నీ కర్నెల్‌లో పెట్టమని కాదు. మైక్రోసెకన్లు ఎవరు లెక్కపెడుతున్నారో తెలుసుకోమని. అది మన పైథాన్ అయితే ఎవరో ఒకరి తూకం తప్పుతుంది.

క్యారెక్టర్ డివైస్ మాత్రం మనలాంటివాళ్ళకు దాదాపు ఎప్పుడూ అక్కర్లేదనే చెప్తా. మన ల్యాబ్ అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంది. ఎందుకో కూడా తెలుసు, అందరూ చదివే లైనక్స్ డివైస్ డ్రైవర్స్ పుస్తకం మూడో ఎడిషన్ 2005లో వచ్చింది, 2.6.10 కర్నెల్ నాటిది. గొప్ప పుస్తకమే, ఉచితంగా దొరుకుతుంది, చదవండి. కానీ ఐఐఓ, ఏఆర్ఎం బోర్డుల మీద డివైస్ ట్రీ, ఇవన్నీ దాని తర్వాతి సంగతులు. 2005 మ్యాపు పట్టుకుని హైదరాబాద్ ఓఆర్ఆర్ వెతికితే దొరుకుతుందా?

ఇక అసలు కోపం. రివ్యూ రోజు అడిగారు, డ్రైవర్ నువ్వే రాశావా అని. లేదు సార్, కర్నెల్‌లో ఉంది, నేను డివైస్ ట్రీ రాసి క్యాలిబ్రేట్ చేశా అన్నా. "అయితే ఇందులో నీ కాంట్రిబ్యూషన్ ఏముంది?" పాత క్యారెక్టర్ డ్రైవర్ మూడు వందల లైన్లు చూపించి ఉంటే మార్కులు ఎక్కువ వచ్చేవని నాకు తెలుసు, చూపించమని ఫ్రెండ్స్ చెప్పారు కూడా. అడిగిన సార్ మంచివారే, ఆయన్ని అనట్లేదు. కానీ లైన్లు లెక్కపెట్టి మార్కులేస్తే, ఉన్న డ్రైవర్‌ను వెతకకుండా కొత్తది రాసినవాడికే లాభం. అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ నష్టం ఇంకెవరిదో అవుతుంది. రివ్యూ ఫారంలో ఒక ప్రశ్న పెట్టమని మన హెచ్‌ఓడీ గారికి రాయబోతున్నా: "ఈ పరికరానికి కర్నెల్‌లో ఇప్పటికే డ్రైవర్ ఉందా? లేకపోతే ఏ విభాగంలో ఉండాలి, ఎందుకు?" సంతకాలు పెట్టేవాళ్ళు నాకు మెసేజ్ చేయండి.

కాటా ఇప్పుడు మామ ఇంటి వసారాలో ఉంది. గంపలు సమంగా నింపుకోవడానికే వాడుతున్నాడు, అమ్మకానికి కాదు. లీగల్ మెట్రాలజీ చట్టం 2009 ప్రకారం ముద్ర లేని కాటాతో వ్యాపారం చెయ్యకూడదు, ఆ ముద్ర నా బోర్డుకు రాదు. మండీ ఆయన గుండు తిరిగి ఇచ్చేసి, మామ సొంతంగా ఒకటి కొన్నాడు. రోజూ పొద్దున ముందు దాన్ని పెట్టి చూశాకే గంపలు. నా మీద నమ్మకం ఇంకా పూర్తిగా రాలేదు, అది న్యాయమే.

ఈ వారం ఎమ్మిగనూరు క్లాస్‌మేట్ ఒకడు వచ్చాడు. వాళ్ళ నాన్న మగ్గం మీద పేక ఎన్నిసార్లు కొట్టిందీ లెక్కపెట్టే మీటర్ కావాలట. పైథాన్‌లో మొదలుపెడదామా అన్నాడు. ముందు సోర్సులో వెతుకుదాం అన్నా. కౌంటర్ అని ఒక విభాగం 2019 నుంచి ఉంది, అందులో ఇంటరప్టులు లెక్కపెట్టే డ్రైవర్ కూడా దొరికింది. నాడె వెళ్ళినప్పుడల్లా ఒక స్విచ్ మూసుకునేలా ఎక్కడ బిగించాలో మాత్రం ఏ కర్నెల్‌లోనూ లేదు. ఆదివారం వాళ్ళ ఇంటికి వెళ్ళి మగ్గం పక్కన కూర్చుని చూడాలి.